నాచు ఆకులో నడక

పోయిన బుధవారం తొమ్మిదో తరగతి పిల్లలకు ఉల్లిపొర చూపిస్తున్నాను. మా బడిలో మైక్రోస్కోపు ఒక్కటే, పిల్లలు నలభైమంది. కాబట్టి ఒక్కొక్కరికి అరనిమిషం. రెండో వరసలో కూర్చునే ఒక అమ్మాయి ఆ అరనిమిషంలో చూసి, రికార్డు పుస్తకంలో ఎంతో శ్రద్ధగా ఒక గుండ్రం గీసింది. నల్లటి మందపాటి అంచు, లోపల తెల్లగా, శుభ్రంగా. పక్కన స్కేలు పెట్టి గీతలు లాగి కణకవచం, కేంద్రకం, రిక్తిక అని రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నేను చూసి, "అది గాలి తల్లీ" అన్నాను.

అన్నాక ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు. పిల్లల్ని తల్లీ అని పిలిచే రకాన్ని కాను నేను, కావాలంటే మా బళ్లో ఎవరినైనా అడగండి. నా నోట్లోంచి వచ్చింది మా జూనియర్ కాలేజీ బాటనీ ల్యాబ్‌లో అటెండరుగా చేసిన ఒక పెద్దమనిషి గొంతు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ చూస్తే, పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో ఉంది, దండతో. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒకడు మాత్రం నిజాయితీగా "ఎవర్రా ఈయన?" అని అడిగాడు. "మన ఉల్లిపాయల బాబాయ్" అని ఇంకొకరు జవాబిచ్చారు. అప్పుడు గాని సగంమందికి గుర్తురాలేదు. ఫొటో కింద ఆయన పేరు కూడా పెట్టారు. నేనిక్కడ రాయను. రెండేళ్లపాటు మాలో ఒక్కరమూ అడగని పేరును ఇప్పుడు రాసి గొప్పలు పోవడం బాగుండదు.

ఆయన మంగళగిరిలో పొద్దున్నే బస్సెక్కి, బ్యారేజీ దాటి, పటమటలో ఉన్న మా కాలేజీకి వచ్చేవారు. పొట్టి మనిషి, ఖాకీ చొక్కా. జేబులో కాగితంలో చుట్టిన సగం బ్లేడూ, బొమ్మలు వేసే సన్నటి బ్రష్షూ ఉండేవి. చేతిగోళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఉల్లిపొరకు వేసే ఎర్రరంగు గోటికి అంటిందంటే గోరు పెరిగి పోవాల్సిందే, కడిగితే పోదు. "బాబాయ్, పారాణి పెట్టుకున్నారా?" అని ఆడపిల్లలం ఆటపట్టిస్తే, "ఏడాది పొడుగునా పెళ్లికొడుకునే నేను" అనేవారు.

ఉల్లిపొర తీయడం చూస్తే తెలిసేది ఆ చేతులు ఎక్కడివో. ఉల్లిపాయను నిలువుగా కోసి, ఒక్క రేకను పట్టుకుని పుటుక్కున విరిచేవారు. విరిగినచోట పలచటి తెర ఒకటి వేలాడేది. దాన్ని రెండు వేళ్లతో అలా లాగితే అగ్గిపుల్లంత వెడల్పున చిరగకుండా వచ్చేది. మేం లాగితే ముక్కలు ముక్కలు. "తాడు లాగినట్టు లాగమాక. పోగు లాగినట్టు లాగు" అనేవారు. వాళ్ల నాన్న మగ్గం నేసేవారట. ఈయన కూడా ఇరవై ఏళ్లు వచ్చేదాకా నేశారట. మిగిలిన ఉల్లిపాయలు ఏమయ్యేవో మా అందరికీ తెలుసు. ప్రాక్టికల్స్ ఉన్న రోజు క్యాంటీన్‌లో పకోడీ తప్పకుండా ఉండేది, దాంట్లో పిండి తక్కువగానూ ఉండేది.

స్లైడు పెట్టి, మమ్మల్ని చూడమని, ఫోకస్ సరిచేసే మరను మెల్లగా తిప్పుతూ పక్కన నిలబడి ఒకటే ప్రశ్న అడిగేవారు. "ఏం కనపడతందమ్మా?"

మసగ్గా ఉంది బాబాయ్. "ఇప్పుడు?" ఎర్రగా ఏవో ఉన్నాయి. "ఇప్పుడు?" ఇటుకల్లాంటివి. చాలు బాబాయ్, చాలు. చాలు అనగానే ఆయన చెయ్యి ఆగిపోయేది. ఆ తర్వాత కూడా వదిలేవారు కాదు. ఇటుకలు ఎన్ని? అన్నీ ఒకటే పొడుగా? లోపల చుక్క మధ్యలో ఉందా, పక్కకు నెట్టేసి ఉందా? బాటనీ మేడమ్ ఎంతో మంచావిడ, కానీ ఆవిడకు సిలబస్ తరుముకొచ్చేది. ఇంత తీరుబడిగా ప్రశ్నలు అడగడం ఆయనకే చెల్లింది. మాకు విసుగేసేది కూడా. 'చూసేది మేమా, ఈయనా' అనుకునేవాళ్లం.

నేను గాలిబుడగ గీసింది మొదటి నెలలోనే. స్లైడు మీద పలచటి అద్దంముక్క కప్పేటప్పుడు జాగ్రత్తగా కప్పకపోతే కింద గాలి చిక్కుకుంటుంది. మైక్రోస్కోపులో అది ఉల్లికణాలకంటే అందంగా, గుండ్రంగా, స్పష్టంగా కనిపిస్తుంది. నేను తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని. కణం అంటే గుండ్రంగా ఉంటుందని పదో తరగతి పుస్తకంలో చూసిన జ్ఞాపకం. ఎదురుగా గుండ్రం కనిపించింది. ఇంకేం కావాలి? బొమ్మ వేసి, అన్ని భాగాలూ గుర్తించి, రికార్డు ఆయన ముందు పెట్టాను. ఆయన పుస్తకం వైపు చూడలేదు. "ఏం కనపడతందమ్మా?" అన్నారు.

"గుండ్రంగా ఉంది బాబాయ్. అంచు నల్లగా, లావుగా ఉంది."

"లోపల?"

"లోపల తెల్లగా ఉంది."

"లోపల ఏమన్నా ఉందా?"

నేను కాసేపు చూసి, "ఏం లేదు" అన్నాను. ఆయన బ్రష్షు వెనకకొసతో అద్దంముక్కను చిన్నగా తట్టారు. నా కణం కేంద్రకంతో సహా జారుకుంటూ పక్కకు పోయింది.

"అది గాలి తల్లీ. కణమైతే అట్టా కదలదు. చుట్టుపక్కలోళ్లని వదిలిపెట్టి అదెక్కడికి పోయిద్ది? కనపడింది గియ్యి. పుస్తకంలోది గియ్యమాక."

క్లాసంతా నవ్వారు. నేను ఏడ్చాను. ఆయన కంగారుపడిపోయి, "ఓసి పిచ్చిపిల్లా, నీకింకా గోడ కట్టలేదే" అన్నారు.

గోడ అన్నది ఆయన సొంత శాస్త్రం. మొక్క కణానికి తెర బయట గట్టి గోడ ఉంటుంది, జంతు కణానికి తెర మాత్రమే ఉంటుంది, గోడ ఉండదు. పుస్తకంలో ఉన్నది అంతే. ఆయన దాన్ని మనుషులకు కూడా వర్తింపజేసేవారు. ప్రిన్సిపాల్‌గారు మొక్క కణం. ఎంత తిట్టినా ఆకారం మారదు. మేడమ్ జంతు కణం, ఎవరు ఏ మూల నొక్కితే అటు వంగుతుంది. "మరి మీరు బాబాయ్?" అని ఎవరో అడిగితే, "నేను ఉల్లిపొరని. ఏడిపించటానికి మాత్రమే పనికొస్తా" అన్నారు.

బుగ్గకణాలు చూసే రోజు ఆయనకు పండగ. మా చేతికి తలా ఒక కొత్త పుల్ల ఇచ్చి, బుగ్గ లోపలివైపు మెల్లగా గీకమనేవారు. స్లైడు మీద రుద్ది నీలంరంగు చుక్క వేస్తే, మన నోట్లోంచి వచ్చిన కణాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా చెదిరిపోయి కనిపిస్తాయి. అంచులు మడతలుపడి ఉంటాయి. మధ్యలో నీలిచుక్క. "అదే నువ్వు" అనేవారు. "గోడ లేదు. అందుకే ఎటుబడితే అటు పోగలవు. అందుకే తొందరగా చినిగిపోతావు కూడా. జాగ్రత్త." రంగు చేతులతో మూతి తుడుచుకుని, ఆ రోజు ఇంటికి నీలం పెదాలతో వెళ్లని పిల్ల లేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మాత్రం ఎప్పుడు తలుచుకున్నా సగం నిద్రలో జరిగినట్టే ఉంటుంది నాకు. అందరూ వెళ్లిపోయారు. నా రికార్డు పూర్తి కాలేదు. ల్యాబ్ కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్లమీద పడుతోంది. కిటికీలో ఒక పచ్చడి సీసా ఉంది, నిండా నీళ్లు, నీళ్లలో నాచు. బందరు కాలువలో పొడుగ్గా జడల్లా ఊగుతుంటుందే, ఆ నాచు. ఆయన పొద్దున వస్తూ కాలువలోంచి తీసుకొచ్చి ఎండలో పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇటురా. ఒకటి చూపిస్తా. సిలబస్‌లో లేదులే, కంగారుపడమాక."

ఒక్క ఆకు తుంచి, గోరువెచ్చటి నీటిచుక్కలో పెట్టి, కప్పారు. నేను కన్ను ఆనించాను. మర తిరిగింది. చాలు అన్నాను. పచ్చటి గదులు కనిపించాయి, వరసలు వరసలుగా. ఒక్కో గదిలో గోడల పక్కన పెసరగింజల్లాంటివి సర్దుకుని ఉన్నాయి. హరితరేణువులు. పుస్తకంలో ఉన్నవే.

"మామూలుగానే ఉన్నాయి బాబాయ్."

"ఆగు. చూపు నిలుపు. ఊపిరి కూడా మెల్లగా తీసుకో."

నిలిపాను. ఎంతసేపో తెలియదు. మొదట నా కన్ను అదిరిందనుకున్నాను. కాదు, ఒక గింజ కదిలింది. దాని వెనక ఇంకొకటి. ఆ గదిలో అన్నీ కదులుతున్నాయి. పక్క గదిలోనూ. సాయంత్రం కాలువగట్టు మీద ఇంటికి పోయే గేదెల్లా, ఒకదాని వెనక ఒకటి, తొందరేమీ లేకుండా గోడ వెంట పోతున్నాయి. మూల దగ్గర కాస్త గుమిగూడి, మళ్లీ సర్దుకుని, తిరిగి అవతలి గోడ వెంట వస్తున్నాయి. చప్పుడు లేదు. ఆ నాచును రోజూ బస్సు కిటికీలోంచి చూస్తాను నేను. అందులో ఇంత నడక ఉందని ఎవరూ చెప్పలేదు.

"నడుస్తున్నాయి బాబాయ్!"

"నడుస్తున్నయ్యా? ఎటు?"

ఎటో చెప్పాను. ఏ గదిలో ఎన్ని ఉన్నాయో, ఏది వెనకబడిందో, ఏది మూలలో ఇరుక్కుందో, క్రికెట్ కామెంటరీలా చెబుతూ పోయాను. ఆయన బల్లకు ఆనుకుని, కళ్లు మూసుకుని వింటున్నారు. ఆపితే "ఇంకా?" అంటున్నారు.

"అన్నీ గోడ వెంటే ఎందుకు పోతున్నాయి? మధ్యలోంచి అడ్డంగా పోవచ్చుగా?"

"మధ్యలో రిక్తిక ఉంది గదా."

"రిక్తిక అంటే ఖాళీయేగా బాబాయ్?"

"ఖాళీ అని ఎవడన్నాడు? నిండా నీళ్లు. పేరు పెట్టినోడు తొందరపడ్డాడు తల్లీ. చూడంగానే ఏం లేదనుకున్నాడు. ఆ నీళ్లే లేకపోతే ఆకు నిలబడేదా?"

ఆ రోజు గుణదలలో మా ఇంటికి చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. అమ్మ బాగా వాయించింది. తిట్లు తింటున్నంతసేపూ గింజలు నడుస్తూనే ఉన్నాయి నా కళ్లల్లో. ఆ తర్వాత సెకండియర్ పరీక్షలదాకా ఎండ బాగున్న రోజునల్లా ఆయన నాచు తెచ్చేవారు, నేను చూసేదాన్ని, చెప్పేదాన్ని. ఇవాళ ఏ స్లైడులోనైనా ఇతరులకు కనపడనిది నాకు నాలుగు కనపడతాయంటే అదంతా ఆయన "ఇంకా?" పుణ్యమే.

సెకండియర్ ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు. మేడమ్ అన్ని మైక్రోస్కోపులూ సరిచూసి పెట్టమని వెళ్లింది. నేను స్లైడులు తుడిచి ఇస్తున్నాను. బాబాయ్ ఒక్కోదానికి కన్ను ఆనించి చూస్తున్నారు. మూడోదాని దగ్గర వంగి, "ఆఁ, బ్రహ్మాండంగా కనపడతంది" అన్నారు.

మా కాలంనాటి మైక్రోస్కోపులకు అడుగున చిన్న అద్దం ఉండేది. దాన్ని వెలుతురు వైపు తిప్పితేనే స్లైడు కనిపిస్తుంది. ఆ మూడోదాని అద్దం బల్లవైపుకు తిరిగి ఉంది. అందులో ఎవరు చూసినా చీకటి తప్ప ఏమీ కనపడదు.

"బాబాయ్, అద్దం..." అన్నాను.

ఆయన చెయ్యి కిందకు జారి, అద్దాన్ని తడుముకుంది. అది ఎటు తిరిగి ఉందో వేళ్లతో తెలుసుకుంది. ఆ తడుముకోవడంలో నాకు అంతా అర్థమైంది. రెండేళ్లుగా ఏం కనపడతందమ్మా అని అడిగింది మాకు నేర్పడానికి కాదు. ఆయనకు నిజంగా తెలియాలి కాబట్టి.

"షుగరమ్మా" అన్నారు చివరికి. "కంటి వెనక తెర పాడైందంట. మనిషి ఆకారం తెలిసిద్ది. మెట్లు తెలుస్తయ్. ఇందులోది మాత్రం నువ్వు జేరక ముందే పోయింది." నవ్వబోయారు. "మనకి గోడల్లేవు గదా, అన్నీ తెరలే. ఒకటి చినిగింది."

నేను అద్దాన్ని వెలుతురు వైపు తిప్పాను.

"ఎవరికీ చెప్పమాక తల్లీ. మేడమ్‌గారికి తెలిస్తే ఆవిడ పైకి చెప్పకుండా ఉండలేదు. ఇంకా పదకొండు నెలలే ఉంది. ఈ గదిలోనే రిటైరు కావాలని ఉంది నాకు. అంతకంటే ఏం లేదు."

చెప్పనన్నాను. నిజంగానే ఎవరికీ చెప్పలేదు. నా తప్పు అక్కడ లేదు, చెప్పాల్సిన ఇంకొక మాట చెప్పకపోవడంలో ఉంది.

పరీక్షరోజుల్లోనే మా గుణదలలో మేరీమాత తిరునాళ్లు. ఇల్లంతా చుట్టాలు, వీధంతా మైకులు. నేను కొండ దగ్గరకు వెళ్లి పెద్ద కొవ్వొత్తి వెలిగించి, ప్రాక్టికల్స్‌లో అన్ని మార్కులూ రావాలని అడిగాను. బాబాయ్ సంగతి అడగాలని గుర్తులేదు. పదిహేడేళ్ల పిల్ల దేవుడి దగ్గర కూడా తన పనే చూసుకుంటుంది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ కఠినమైన మనిషి. ఎవరు నోరు తెరిచినా పేపరు లాక్కుంటానని ముందే చెప్పాడు. బల్లమీద వరసగా మైక్రోస్కోపులు. ఒక్కోదాంట్లో చూసి, అందులో ఉన్నదేమిటో రాసి, పక్కదానికి జరగాలి. నా ముందున్న పిల్ల మోచెయ్యి తగిలి మూడోదాని మర తిరిగిపోయింది. ఎగ్జామినర్ చూశాడు.

"అటెండర్‌గారూ, దీని ఫోకస్ పోయింది. సరిచెయ్యండి."

బాబాయ్ వచ్చారు. మర మీద చెయ్యి వేసి, నేను చూడటానికి వీలుగా కొంచెం పక్కకు జరిగారు, ఎప్పటిలాగే. నేను కన్ను ఆనించాను. ఎర్రటి మసక. నా చెవి దగ్గర, ఊపిరికంటే కాస్త గట్టిగా వినిపించింది.

"ఏం కనపడతందమ్మా?"

ఎగ్జామినర్ బూట్లు మా వెనకే ఆగి ఉన్నాయి. నేను మాట్లాడలేదు. మర మెల్లగా తిరుగుతోంది. మసక విడిపోయింది. గోడలు తేలాయి. గదుల్లో ఎర్రచుక్కలు తేలాయి. అంత స్పష్టంగా నేను ఉల్లిపొరను ఎన్నడూ చూడలేదు. చాలు బాబాయ్ అంటే సరిపోయేది. రెండు మాటలు. నేను అనలేదు. మర ఇంకా తిరిగింది. గోడలు కరిగిపోయాయి. మళ్లీ మసక, దాని మీద నీడ, ఆపైన టిక్కుమని చప్పుడు. మైక్రోస్కోపు గొట్టం దిగి దిగి స్లైడును పగలగొట్టింది.

"ఏవండీ, మీకసలు కళ్లు కనపడుతున్నాయా?" అన్నాడు ఎగ్జామినర్.

అతను తిట్టాలని అనలేదు, మామూలుగానే అడిగాడు. బాబాయ్ పగిలిన స్లైడును తడిమి తీసి, గాజుముక్కలన్నీ ఒక్కొక్కటీ వేలికొనతో వెతికి ఏరి, చేత్తో పట్టుకుని బయటికి నడిచారు. తలుపు దగ్గర మాత్రం ఒక్క క్షణం చెయ్యి చాచి గుమ్మాన్ని చూసుకున్నారు.

నాకు మార్కులన్నీ వచ్చాయి.

జూన్‌లో టి.సి. కోసం వెళ్లినప్పుడు ఆయన కాలేజీ గేటు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. రిటైరయ్యేదాకా ఇక అక్కడేనట. నా అడుగుల చప్పుడుకు తలెత్తి "ఎవరమ్మా?" అన్నారు. నేను ఆగాను. ఒళ్లో పెట్టుకున్న ఆయన చేతులు చూశాను. గోళ్లు పెరిగి, కత్తిరించుకుని, కత్తిరించుకుని, ఎరుపంతా పోయింది. అందరి గోళ్లలాగే తెల్లగా ఉన్నాయి. నా పేరు చెబితే ఆయన ఏమంటారోనన్న భయంతో, చప్పుడు కాకుండా దాటి వెళ్లిపోయాను. ఆయన ఇంకా అటే చూస్తున్నారని వెనక్కి తిరగకపోయినా తెలుసు. టి.సి. తీసుకుని వెనకగేటు గుండా బయటపడ్డాను.

ఇంతటి ధైర్యవంతురాలు తర్వాత బి.ఎడ్. చేసి, టీచరై, పిల్లలకు నిజాయితీ గురించి చెబుతోంది.

రెండేళ్ల కిందట క్రిస్మస్‌కు చీర కొందామని మంగళగిరి వెళ్లాను. దుకాణాల వెనక సందుల్లో మగ్గాలున్న ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక ఇంటి అరుగు మీద ముసలాయన కూర్చుని, తెగిన నూలుపోగులను ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ ముడివేస్తున్నారు. దారంవైపు చూడటం లేదు, తల పైకెత్తి ఆకాశం కేసి పెట్టుకున్నారు. పక్కన వాళ్లావిడ కూరగాయలు తరుగుతోంది. పోగును రెండు వేళ్లతో లాగే ఆ తీరు చూసి నా కాళ్లు ఆగిపోయాయి.

"ఎవరమ్మా?" అన్నారు.

ఈసారి పారిపోలేదు. "బాబాయ్, నేను... మీ కాలేజీలో చదివాను. గుణదల నుంచి వచ్చేదాన్ని..."

వేళ్లు ఆగాయి. "గాలి గీసిన పిల్లవి గదూ?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. అరుగు మెట్టు మీద కూలబడ్డాను. ఆవిడ మంచినీళ్లు ఇచ్చింది. తాగి, ఇరవై ఏళ్లుగా నోట్లో ఉన్నది కక్కేశాను. "ఆ రోజు పరీక్షలో నాకు కనపడింది బాబాయ్. స్పష్టంగా కనపడింది. చెప్పలేదు."

ఆయన ఇంకొక ముడి వేశారు. "తెలుసు."

"ఎలా?"

"బాగా కనపడితే నీకు ఊపిరి ఆగిద్ది. ఆ రోజూ ఆగింది. విన్నా. కానీ చెయ్యి మాట కోసం చూసింది తల్లీ. రెండేళ్ల అలవాటు గదా. ఊపిరికి ఆగటం దానికి తెలవదు."

"నా మీద కోపం రాలేదా?"

"రాకేం? గేటు దగ్గర మే నెలలో కూర్చుని చూడు, దేవుడి మీద కూడా వచ్చిద్ది." పక్కనుంచి ఆవిడ, "కొంచెం కోపమా? వారం రోజులు సరిగ్గా అన్నం తినలా" అంది. ఆయన చెయ్యి ఊపి ఆవిడ మాట కొట్టిపారేశారు. "అప్పటికి నీకు గోడ కట్టలేదు. గోడ లేని పిల్లని పట్టుకుని ఎన్నాళ్లు కోప్పడతాం? అదిగాదు గానీ, నాచు తెస్తావా?"

తర్వాతి ఆదివారం మేరీమాత గుడి నుంచి నేరుగా, బడి మైక్రోస్కోపు ఒక సంచిలో, బందరు కాలువ నాచు సీసా ఒక సంచిలో పెట్టుకుని వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. అరుగు మీద అన్నీ సర్ది, ఒక ఆకు తుంచి, స్లైడు పెట్టి, నేనే మర తిప్పుకుని చూశాను. పచ్చటి గదులు వచ్చాయి. గోడల పక్కన గింజలు ఉన్నాయి. చూపు నిలిపాను. ఊపిరి మెల్లగా తీసుకున్నాను. ఏవీ కదలడం లేదు.

"నడుస్తున్నయ్యా?" అన్నారు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ముందుకు వంగి, చిన్నపిల్లాడిలా అడిగారు.

నేను తలెత్తాను. ఆయన వెనక నిలబడి ఆవిడ నావైపే చూస్తోంది. అవునని చెప్పు అన్నట్టు తల ఊపింది, ఒకటికి రెండుసార్లు. పాపం, వారం రోజులుగా ఆయన ఈ ఒక్కమాటే మాట్లాడుతున్నారట. నడుస్తున్నాయంటే ఎవరికి నష్టం? ఆయనకు తెలిసే దారి కూడా లేదు. కానీ కనపడింది గియ్యి అన్న మనిషి ఆయన. ఒకసారి కనపడింది చెప్పక ఆయన్ను గదిలోంచి గెంటించాను. ఇప్పుడు కనపడనిది చెప్పి ఆ పాపం ఎలా కడుక్కోను?

"లేదు బాబాయ్" అన్నాను. "ఆగిపోయి ఉన్నాయి."

ఆవిడ చప్పున నుదురు కొట్టుకుంది. ఆయన మాత్రం హాయిగా వెనక్కి ఆనుకున్నారు.

"సంచిలో పెట్టి తెచ్చావు గదా. చలికీ చీకటికీ పడుకున్నయ్. సీసా ఇటివ్వు."

సీసాను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఎండ పడేచోటుకు జరిగి కూర్చున్నారు. మంచు మెల్లగా విడిపోతోంది. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఆవిడ టీ తెచ్చింది, ఆయన సీసా దించలేదు కాబట్టి ఆయన టీ చల్లారిపోయింది. చాలాసేపటికి మూత తీసి, చెయ్యి ముంచి, నాచును వేళ్లతో వెతికి, కొస దగ్గరి లేత ఆకొకటి తుంచి నాకిచ్చారు.

"ఈసారి నేను తిప్పుతా. నువ్వు చూడు."

ఆయన చెయ్యి తీసుకుని మర మీద పెట్టాను. వేళ్లు సన్నబడ్డాయి గాని పట్టు అదే. కన్ను ఆనించాను. పచ్చటి మసక. మర తిరిగింది. చెవి దగ్గర అదే గొంతు, ఇప్పుడు కాస్త వణుకుతూ వినిపించింది.

"ఏం కనపడతందమ్మా?"

"మసగ్గా ఉంది బాబాయ్. ఇంకొంచెం. గోడలు వస్తున్నాయి. ఇంకొంచెం. ఇంకొంచెం..."

"నీ ఊపిరి ఆగింది" అన్నారు.

"చాలు బాబాయ్!" అన్నాను. ఆ సందంతా వినపడేట్టు అరిచాను. పక్కింట్లో మగ్గం ఆగింది.

ఆయన చెయ్యి ఆగింది.

నేను చూస్తూ ఉన్నాను. ఎండ అద్దంలోంచి పైకెక్కి ఆకులోంచి నా కంట్లోకి వస్తోంది. ఒక గింజ కదిలింది. దాని వెనక ఇంకొకటి.

"నడుస్తున్నాయి."

"నిజంగా?"

"నిజంగా బాబాయ్. అన్నీ."

ఆయన కళ్లు మూసుకున్నారు. మర మీది చెయ్యి తియ్యలేదు.

"ఎటు?" అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. ఎండ అరుగు దిగి వీధిలోకి పోయేదాకా చెబుతూనే ఉన్నాను.